బోర్డు మీది పేరు

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండమ్మా, ఇది గొంతు పెంచి చెప్పుకునే సంగతి కాదు. చేతిలో పనుంటే చేసుకుంటూనే ఉండండి, చెవులు మాత్రం నాకివ్వండి. పోయినవారం ఛైర్మన్ బంగళా గేటుకి బ్యాంకువాళ్ళు తాళం వేసి సీలు కొట్టిన దగ్గర ఆగాం కదా. తల్లినీ పెళ్ళాన్నీ రెండు సూట్‌కేసుల్నీ వెంటబెట్టుకుని ఆ మహానుభావుడు ఎక్కడికి పోయాడనుకున్నారు? సగంలో ఆగిపోయిన తన టవర్ల దగ్గరికే పోయి, అక్కడ గేటు పక్కనున్న శాంపిల్ ఫ్లాటులో దిగాడు. మర్నాడు పొద్దున్నే అతని వదిన, అంటే మన పెద్దకోడలు, మొగుణ్ణి వెంటబెట్టుకుని అన్నం క్యారియరుతో అక్కడికి వెళ్ళేసరికి అత్తగారు నేలమీద పడి ఉంది.

"కదపకండి, కదపకండి," అంటోంది చిన్నకోడలు. "నడుం పట్టేసింది."

"పట్టేయలేదు, విరిగింది," అంది అత్తగారు నేలమీంచే. "పడినదానికి తెలుస్తుందా, పక్కన నిలబడి చూసేదానికి తెలుస్తుందా?"

పెద్దకోడలు గుమ్మంలోనే ఆగిపోయింది. గుమ్మానికి తలుపు లేదు. ఆ ఫ్లాటులో ఏ గదికీ తలుపు లేదు. కొనేవాళ్ళకి మీ ఇల్లు ఇలా ఉండబోతుందని చూపించడానికి రేకుల షెడ్డులో వేసిన బొమ్మ ఇల్లది. కుళాయిలున్నాయి గానీ నీళ్ళు రావు. ఫ్రిజ్జు నిండా ప్లాస్టిక్ పళ్ళు. కిటికీ వెనక దీపం పెట్టిన పెద్ద ఫోటో ఒకటి, పదిహేనో అంతస్తు నుంచి ఊరంతా చూస్తున్నట్టు. ఆ కిటికీ కింద ఒకప్పుడు రేటు చెప్పి చేతులు కలిపినచోట ఇప్పుడు తడిబట్టలు ఆరేసి ఉన్నాయి. బాత్రూముకి దుప్పటి అడ్డం కట్టుకున్నారు.

"ఎలా పడ్డారు అత్తయ్యా?"

"మంచం మీంచి."

"అంత పెద్ద మంచం మీంచా?"

"పెద్దదేమిటక్కా," అంది చిన్నకోడలు. "ఒకసారి పడుకుని చూడు. తల దిండు మీద పెడితే కాళ్ళు బయటికొస్తాయి. కాళ్ళు లోపలికి లాక్కుంటే మోకాళ్ళు పక్కకి వేలాడతాయి. తెల్లారగట్ల అటు దొర్లారు, అంతే."

ఈలోగా పెద్దకోడలి మొగుడు వంగి తల్లి వీపు కింద చెయ్యి పెట్టాడు. ఆయన వడ్రంగి. పలకని తడిమినట్టు నెమ్మదిగా తడిమి, "విరగలేదమ్మా, బెణికింది," అన్నాడు.

"నువ్వెప్పుడు డాక్టరువయ్యావు?"

"డాక్టర్ని కాదు. విరిగింది చేతికి తెలిసిపోతుంది నాకు. కాలివేళ్ళు కదుపు చూద్దాం."

వేళ్ళు కదిలాయి. అత్తగారికి కొంచెం నిరాశ కలిగినట్టుంది. కోపం మంచం మీదికి తిప్పింది.

"ఏ నిర్భాగ్యుడు చేశాడ్రా ఈ మంచాన్ని? ఇది మనుషులు పడుకునేదా, కుక్కపిల్లలు పడుకునేదా?"

చిన్నకోడలు గోడవైపు తిరిగింది, గోడంతా అద్దమే కాబట్టి అందులోనూ అందరూ కనిపించేసరికి మళ్ళీ ఇటు తిరిగింది.

"నేనేనమ్మా," అన్నాడు వడ్రంగి.

పెద్దకోడలు మొగుడి మొహంలోకి చూసింది. ఈ చేత్తో చేసిన తలుపులు వానకి ఉబ్బవని పేరు. అలాంటి మనిషి మంచం కొలత తప్పాడంటే ఆమెకి నమ్మబుద్ధి కాలేదు.

"కొలత తప్పారా?"

"తప్పలేదు. పొడవు ఐదడుగులన్నారు, ఐదడుగులే చేశాను."

"ఎవరన్నారు?"

జవాబు పక్కగదిలోంచి వచ్చింది. "నేనన్నాను వదినా." ఛైర్మన్ చొక్కా చేతులు మడుచుకుంటూ వచ్చి నిలబడ్డాడు. ఇల్లు పోయింది, కార్లు పోయాయి, చొక్కా మడత మాత్రం చెడలేదు. గడ్డం కూడా గీసుకున్నాడు, ఎక్కడ దొరికాయో నీళ్ళు. "మంచం పొట్టిదైతే గది పెద్దదవుతుంది. తలుపులు తీసేస్తే ఇంకాస్త పెద్దదవుతుంది. ఒక గోడకి అద్దం వేస్తే ఒక గది రెండు గదులు. ఈ వ్యాపారంలో అందరూ చేసేదే. కాకపోతే పొట్టిదని తెలియకుండా పొట్టిగా చెయ్యడం అన్నయ్య ఒక్కడికే చాతనయింది. దానికి తగ్గట్టు దిండ్లు కూడా చిన్నవి కుట్టించాం. చూడు, ఎంత ముద్దొస్తున్నాయో."

కింద పడి మూలుగుతున్న తల్లి పక్కన నిలబడి దిండ్ల ముద్దు గురించి చెప్పగలిగిన మనిషతను. అన్న మాత్రం తల దించుకుని చిన్నగా నవ్వాడు, పని మెచ్చుకున్నారని.

ఆ నవ్వు చూసి పెద్దకోడలికి ఒళ్ళు మండింది.

ఎందుకంటే ఈ గదిలోకి ఆమె ఇంతకుముందు ఒకసారి వచ్చింది. ప్రారంభం రోజున. అప్పుడు ఈ మంచం చుట్టూ నడిచి చూసింది. ఇటు నడిచినా చోటుంది, అటు నడిచినా చోటుంది, అద్దంలో తనే ఎవరో గొప్పింటి మనిషిలా కనిపించింది. ఇంటికి వెళ్ళి మొగుడితో పట్టుబట్టింది. కూలి డబ్బులు వద్దు, ఎన్నేళ్ళు పనిచేసినా సరే, దాని బదులు నాలుగో అంతస్తులో ఒక ఫ్లాటు మన పేర రాయించుకోండి అని. ఆయన "వద్దే" అన్నాడు. ఎందుకు వద్దో చెప్పలేదు. తమ్ముడికి బరువవుతుందని వెనకేసుకొస్తున్నాడనుకుని ఆమె ఇంకా గట్టిగా పట్టుబట్టింది. ఆయన ఒప్పుకున్నాడు. ఆ నాలుగో అంతస్తు ఇవాళ్టికీ గోడల్లేని స్తంభాలే.

"మీకు తెలుసన్నమాట," అంది.

వడ్రంగి తల్లిని గోడకి ఆనించి కూర్చోబెడుతున్నాడు.

"తెలిసీ నాకు చెప్పలేదు."

"తమ్ముడు ఎవరికీ చెప్పొద్దన్నాడు. కొనేవాళ్ళకి తెలిస్తే వ్యాపారం పోతుందన్నాడు."

"నేను కొనేదాన్నా? పెళ్ళాన్ని."

"కొన్నావుగా," అన్నాడు ఆయన. ఎత్తిపొడుపు కాదు పాపం, ఆయనకి ఎత్తిపొడవడం రాదు. అందుకే ఇంకా గుచ్చుకుంది.

పెద్దకోడలు తోటికోడలి వైపు తిరిగింది. "నీకూ తెలుసా?"

చిన్నకోడలు అబద్ధమాడితే బాగుండేది. "మా పెళ్ళైన కొత్తలోనే చెప్పాడక్కా. అప్పుడు బొమ్మలు గీసి చూపించేవాడు, ఇదిలా చేస్తా అదిలా చేస్తా అని."

చూశారా. ఫ్లాటు పోయినందుకు కాదు ఆమె గుండె చివుక్కుమంది. దాని మొగుడు దానికి చెప్పాడు, నా మొగుడు నాకు చెప్పలేదు. అన్నదమ్ములకీ చిన్నదానికీ మధ్య ఒక రహస్యం, నేను బయట. ఎప్పుడూ అంతే. ఇప్పుడనేమిటి.

అసలీ మంట ఎప్పటిదో మీకు తెలియనిది కాదు. చిన్నవాడు మొదట్లో ఊరి బయట పొలాల్లో సున్నంతో గీతలు గీయించి, నాలుగు రాళ్ళు పాతించి, "ఇదండీ మీ ప్లాటు" అని చూపిస్తూ ఎండలో తిరిగేవాడు. అప్పుడందరూ అతన్ని ప్లాట్ల చిన్నోడనేవారు. స్కూటరు పోయి కారొచ్చాక చిన్నోడు పోయి సారయ్యాడు. ఆ కారు పక్కన ఇంకో కారు చేరేసరికి ఛైర్మన్ గారయ్యాడు. కన్నతల్లి కూడా ఫోను చేసి "మా ఛైర్మనున్నాడా" అని అడిగేది. అదంతా పెద్దకోడలు ఎలాగో మింగుకుంది. మింగుడుపడనిది ఒకటే. అతను కట్టిన ప్రతిదానికీ పెళ్ళాం పేరే పెట్టాడు. మొదటిది ఆమె పేరుతో నివాస్, రెండోది హైట్స్, ఇదుగో ఇది టవర్స్. బజారుకెళితే గోడల మీద, బస్సెక్కితే ముందు పోతున్న బస్సు వీపు మీద, తలెత్తితే మేడల నెత్తిన, మనిషంత అక్షరాల్లో తోటికోడలి పేరు. పెద్దకోడలు కూరగాయలకి చుట్టుదారిన పోయేది. అదేమంటే ఆ దారి నీడగా ఉంటుందనేది. ఆ దారిలో చెట్టనేది లేదు.

తలుపు లేని గుమ్మంలోంచి ఇద్దరు మనుషులు లోపలికొచ్చి, దేన్ని ముందు ఊడదీయాలా అన్నట్టు గోడలకేసి చూశారు. సైటు ఇప్పుడు వేరే కంపెనీది. శాంపిల్ ఫ్లాటు తీసేయమని వాళ్ళకి చెప్పి పంపారు.

"మధ్యాహ్నం దాకా టైమిస్తాం సార్," అన్నాడొకడు. సార్ అనాలో అనక్కర్లేదో తేలక ఆ మాట కొంచెం నమిలాడు.

ఛైర్మన్ చిరునవ్వు నవ్వి, "అద్దం జాగ్రత్తగా తియ్యండి, మంచి సరుకు," అన్నాడు.

అప్పుడు అందరూ పెద్దకోడలి వైపు చూశారు. అత్తగారు, చిన్నకోడలు, ఛైర్మన్, ఆఖరికి సొంత మొగుడు కూడా. ఎందుకంటే ఉన్న ఒక్క ఇల్లు ఆమెది. రెండు గదులు, వెనక వడ్రంగి షెడ్డు, దాని పక్కన కాస్త జాగా. మావగారు పోయేముందు దాన్ని కొడుకులిద్దరికీ కాకుండా ఆమె పేర రాశాడు. "పెద్దాడు కాదనలేడు, చిన్నాడు అడక్కుండా ఉండలేడు. మధ్యన నువ్వుండమ్మా," అన్నాడట.

"చూస్తారేమిటి, అత్తయ్యని లేవదీయండి," అంది. "ఇంటికి పోదాం."

జాలిపడిందనుకుంటున్నారా? కొంచెం ఉండే ఉంటుంది, మనిషే కదా. కానీ ఆ క్షణంలో ఆమె కళ్ళముందు ఆడింది వేరే బొమ్మ. తన సందులో సామాన్ల బండి ఆగుతుంది. తోటికోడలు సూట్‌కేసు పట్టుకుని, అందరూ చూస్తుండగా, తన గడప తొక్కుతుంది. కాస్త వంగి, ఎందుకంటే ఆ గుమ్మం ఎత్తు తక్కువ.

బండి ఆగింది, సూట్‌కేసులు దిగాయి, అంతా ఆమె అనుకున్నట్టే జరిగింది గానీ సందు మాత్రం ఆమె అనుకున్నట్టు చూడలేదు. ఇస్త్రీ చేసే ఆవిడ పెట్టె పక్కన పెట్టి పరిగెత్తుకొచ్చి చిన్నకోడలి చేతిలోని సూట్‌కేసు లాక్కుని తను పట్టుకుంది. మందుల కొట్టాయన అత్తగారి నడుముకి పట్టీ తెచ్చి, డబ్బులొద్దన్నాడు. నలుగురూ ఛైర్మన్ చుట్టూ చేరారు.

"పాపం, ఎలాంటి మనిషి," అంది ఇస్త్రీ ఆవిడ చిన్నకోడల్ని చూస్తూ. "కాలు కింద పెట్టకుండా బతికింది. మొహం ఎలా వాడిపోయిందో చూడమ్మా."

"నాదీ వాడే ఉంది," అంది పెద్దకోడలు.

"నీకేమమ్మా, నువ్వు ఎప్పుడూ ఉన్నట్టే ఉన్నావు."

ఇన్నేళ్ళలో తనని ఎవరూ పాపమనలేదు. పైనున్నప్పుడు పేరు దానికే వచ్చింది, కిందపడ్డాక పాపమూ దానికే. ఇక తనకేం మిగిల్చారు.

అన్నాలయ్యాయి. అత్తగారు చాప మీద పడుకుని, చిన్నకోడలి చేత కాళ్ళు పట్టించుకుంటూ, "పెద్దదాని చెయ్యి రోకలి, నీ చెయ్యే నయం," అంటోంది. వడ్రంగి షెడ్డులో ఎవరిదో కిటికీ చట్రం చిత్రిక పడుతున్నాడు. ఛైర్మన్ వెనక జాగాలో చేతులు నడుమున పెట్టుకుని అటూ ఇటూ తిరిగాడు. గోడ దగ్గరికి వెళ్ళాడు, తలెత్తి ఆకాశం కేసి చూశాడు, వెనక్కి వచ్చాడు. పెద్దకోడలు గిన్నెలు తోముతూ ఓరకంట కనిపెడుతూనే ఉంది. ఆ చూపు ఆమెకి తెలుసు. ఖాళీగా ఉన్నచోట అంతస్తులు కనబడే చూపు.

"వదినా, నీకు తెలుసా, నువ్వు బంగారం మీద గిన్నెలు తోముతున్నావు."

"బూడిద మీద తోముతున్నాను."

"నవ్వకు. ఈ సందు వెడల్పు చేస్తున్నారు. అటుపక్క రోడ్డు పడుతోంది. ఈ షెడ్డు తీసేసి, ఈ రెండు గదులూ తీసేసి, నిటారుగా ఆరంతస్తులు లేపితే..." చేత్తో గాలిలో ఒక్కొక్క అంతస్తే పెట్టాడు. "పెద్దది వద్దు. చిన్నదే, ముచ్చటగా. నాకున్న పేరు చాలు, రేపే నలుగురు ముందుకొస్తారు."

"నీకున్న పేరు చూసి నిన్న నీ గేటుకి తాళమేశారయ్యా."

"అది బ్యాంకు. నేను మనుషుల సంగతి చెబుతున్నాను. నువ్వు చూశావుగా, ఇందాక ఎలా వచ్చారో."

షెడ్డులో చిత్రిక ఆగింది. వడ్రంగి గుమ్మంలోకి వచ్చి తమ్ముడి చెయ్యి చూపిస్తున్న చోటికి చూస్తున్నాడు. ఏమీ లేని గాలిలోకి. ఆయన కళ్ళు మెరుస్తున్నాయి. పెళ్ళైనప్పటినుంచి పెద్దకోడలు ఏం కట్టుకున్నా, ఏం వండినా ఆ మెరుపు రాలేదు. చిన్నప్పుడు తమ్ముణ్ణి భుజానెక్కించుకుని తిప్పాడట, ఇంకా దించలేదు.

"మీరేమంటారు?" అని మొగుణ్ణి అడిగింది.

"ఇల్లు నీది. నీ ఇష్టం," అన్నాడాయన, కళ్ళు అటునుంచి తిప్పకుండానే.

ఛైర్మన్ రెండడుగులు ముందుకొచ్చి గొంతు తగ్గించాడు. ఇన్ని మేడలు ఈ గొంతుతోనే అమ్మాడు.

"ఒకటి మాత్రం ముందే చెబుతున్నాను. ఈసారి బోర్డు మీద నీ పేరు, వదినా."

పెద్దకోడలి చేతిలో గిన్నె జారింది. పట్టుకుంది.

"నా పేరెందుకు," అంది. ఆ అనడంలో బలం లేదు.

"మొదటినుంచీ నీదే పెట్టాల్సింది. నాకు అన్నం పెట్టిన చెయ్యి నీది. పైన, రాత్రి కూడా కనబడేలా లైట్లు పెట్టించి, మెయిన్ రోడ్డు నుంచి చదివేంత పెద్ద అక్షరాలు. బస్సుల మీద కూడా."

ఆమె తోమిన గిన్నెలు బుట్టలో వేసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఏ గిన్నె ఎక్కడ పెట్టాలో తెలియనట్టు ఒక్కొక్కటే రెండుసార్లు మార్చి పెట్టింది. తన పేరు ఎప్పుడు చివరిసారి ఎవరైనా పిలిచారో గుర్తు చేసుకోబోయింది. పెద్దకోడలా, వదినా, అక్కా, ఏమే. పేరు పెట్టి పిలిచిన వాళ్ళు పోయారు.

చిన్నకోడలు వెనకే వచ్చి నిలబడింది.

"అక్కా, ఒక మాట."

"నీళ్ళు కావాలా?"

"వద్దు. నువ్వు ఒప్పుకోకు."

"దేనికి?"

"దేనికో నీకు తెలుసు. ఇవాళ కాకపోతే రేపు అడుగుతాడు. అన్నం తింటూ అడుగుతాడు, అత్తయ్య చేత అడిగిస్తాడు, ఏడ్చి అడుగుతాడు. ఏడుపు కూడా వచ్చు ఆయనకి, నువ్వు చూళ్ళేదు. ఏం చేసినా కాదను."

"నీ మొగుడి మీద నీకే నమ్మకం లేదా?"

చిన్నకోడలు గట్టుకి ఆనుకుంది. "మొదటిదానికి నా పేరు పెడతానంటే మా నాన్న మురిసిపోయి స్థలం ఇచ్చాడు. రెండోదానికి మా అన్నయ్య ఇచ్చాడు. ఇద్దరికీ పైసా తిరిగి రాలేదు, ఇప్పుడు నా ఫోను ఎత్తరు. ఆయన్ని ఎవరూ ఏమనరక్కా. ఛైర్మన్ ఎవరో, ఎక్కడుంటాడో సగంమందికి తెలియదు. పైన రాసున్నది నా పేరు. ఇల్లు రాని ప్రతివాళ్ళూ దాన్ని చదివే తిడతారు. మొన్న బస్సులో నా పక్కన కూర్చున్నావిడ కిటికీలోంచి ఆ బోర్డు చూసి, 'దీని వంశం నాశనం కాను' అంది. నేనెవరో ఆవిడకి తెలియదు. నేనూ అవునండీ అన్నాను."

పెద్దకోడలు తిరిగి చూసింది. తోటికోడలి కళ్ళ కింద నిజంగానే నల్లగా ఉంది. ఒక్క నిమిషం ఆ మాట లోపలికి దిగింది. దిగబోయింది అనాలి. ఇంతలోనే ఆ కళ్ళలో తనకి బాగా పరిచయమైనదేదో కనిపించినట్టయింది. ఇన్నేళ్ళు తన కళ్ళలో పెట్టుకుని తిరిగిందే. ఓహో, ఇదన్నమాట సంగతి అనుకుంది. నాకు పేరొస్తుందంటే దీనికి నిద్ర పట్టదు.

"నా పేరు పైకెక్కితే నీకంత కష్టంగా ఉందా?" అంది.

"అక్కా, నేనేం చెబుతున్నాను, నువ్వేం..."

"విన్నాను. నీ పేరున్నన్నాళ్ళూ ఒక్కరోజైనా వద్దన్నావా? తీసేయమన్నావా? నీ పేరు కిందనుంచి కూరగాయల సంచీ మోసుకుంటూ పోయింది నేను. అప్పుడు చెప్పలేదే, పేరుంటే తిట్లొస్తాయని."

"అప్పుడు నాకూ తెలియదు."

"ఇప్పుడు తెలిసింది. నా వంతొచ్చేసరికి."

చిన్నకోడలు గట్టు మీది నీళ్ళు కొంగుతో తుడిచింది. తర్వాత చాలా నెమ్మదిగా, "నాకు పోవడానికి ఇంకేం లేదక్కా. ఈ ఇల్లు కూడా పోతే అత్తయ్యని ఎక్కడ పడుకోబెడతాం?" అంది.

"ఇల్లెక్కడికి పోతుంది? ఆరంతస్తులవుతుంది," అంది పెద్దకోడలు. మరిది మాట అచ్చం మరిది గొంతుతోనే ఆమె నోట వచ్చింది. ఆమెకే వినిపించి ఒకసారి తడబడింది. అయినా చేతులు తుడుచుకుని బయటికి నడిచింది.

వెనక జాగాలో అన్నదమ్ములిద్దరూ భుజాలు రాసుకుంటూ నిలబడి ఉన్నారు. ఆమెని చూసి ఛైర్మన్ మాట ఆపేశాడు. అడగలేదు. అడక్కుండా ఆగవలసిన చోటు తెలిసిన మనిషి.

వంటింటి గుమ్మంలో చిన్నకోడలు నిలబడి తల అడ్డంగా ఊపుతోంది, వద్దని. పెద్దకోడలు అది చూసింది. చూసి, చూపు మరల్చకుండా, తోటికోడలికి వినబడేలా మరిదిని అడిగింది.

"అక్షరాలు ఏ రంగులో వేయిస్తావయ్యా?"

ఛైర్మన్ మొహం విప్పారింది. వడ్రంగి మాత్రం గబుక్కున పెళ్ళాం వైపు తిరిగాడు. ఏదో చెప్పబోయినట్టు నోరు తెరిచాడు. తమ్ముడి చెయ్యి అప్పటికే ఆయన భుజం మీద పడింది. ఆయన నోరు మూసుకున్నాడు.

ఇవాళ్టికి ఇంతే అమ్మా. ఈ ముక్క మనసులో పెట్టుకోండి, రేపు ఎవరికైనా చెప్పేటప్పుడు మరిది వదినని బుట్టలో వేసుకున్నాడని తేల్చి చెప్పేయకండి. అతను బోర్డు చూపించాడు, నిజమే. వంటింట్లో ఒక మనిషి నిజం చెప్పింది, ఆ చెప్పింది తోటికోడలు కాబట్టే ఆమె చెవికెక్కలేదు. ఆ వంటింటి మాటలు ఒక్కటీ వదలకుండా చెప్పండి.